మీటరుకెక్కని గంటలు

జనగామలో హైదరాబాద్ రోడ్డు పక్కన నాకొక మెకానిక్ షెడ్డు ఉండేది. ముప్ఫై ఏళ్లకు పైగా నడిపి, పోయిన ఏడాది మూసేశాను. కారణం మోకాళ్లు. బండి కిందికి దూరడం ఎలాగో అయ్యేది కానీ, బయటికి రావడానికి ఇద్దరు మనుషులు కాళ్లు పట్టుకుని లాగాల్సి వచ్చేది. తన బండి కింద నుంచి మెకానిక్‌ను అలా ఈడ్చుకొస్తుంటే చూసిన గిరాకీ మళ్లీ వస్తాడా? అందుకని మర్యాదగా నేనే తప్పుకున్నాను.

ఇప్పుడు ఐటీఐ చదివిన పిల్లలు కొందరు ఇంటికి వస్తుంటారు. "బాపూ, షెడ్డు పెడ్తున్నం. జర నాలుగు మాటలు చెప్పు" అంటారు. వాళ్లకు కావలసింది ఏ రకం పానలు, అదే స్పానర్లు, కొనాలి, స్కానరు ఎంతకు దొరుకుతుంది అనేది. స్కానరు గురించి నాకేమీ తెలియదు. అది బండికి తగిలించేది అని మాత్రం తెలుసు. నాకు నిజంగా తెలిసిన విషయం ఒకటే, నేను చేసిన తప్పులు. అందులో అన్నిటికన్నా పెద్దది ఒక వ్యాను టైమింగ్ బెల్టు సంగతి. షెడ్డు మూసేదాకా దాన్ని ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదు సరే, దాని మీద శాలువా కూడా కప్పించుకున్నాను. ఆ సంగతి కూడా వస్తుంది.

ఒక రబ్బరు పట్టీ

ఈ పనిలో కొత్తవాళ్లకు, అసలు ఈ పనే తెలియనివాళ్లకు ముందుగా బెల్టు అంటే ఏమిటో చెప్పాలి. అదొక రబ్బరు పట్టీ. లోపలి వైపు పళ్లుంటాయి. ఇంజను అడుగున తిరిగే క్రాంకునూ, పైన వాల్వులను తెరిచి మూసే క్యామునూ అది ఒకదానితో ఒకటి కలిపి తిప్పుతుంది. అది తెగిందంటే పైన తెరుచుకున్న వాల్వులు తెరుచుకున్నట్టే ఉండిపోతాయి. కింద నుంచి పిస్టన్లు వచ్చి వాటిని గుద్దుతాయి. వాల్వులు వంగిపోతాయి. ఇదంతా డ్రైవరు "ఏమైంది?" అనేలోపు అయిపోతుంది.

సమయానికి మారిస్తే అది పూట పని. బెల్టు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనరు, ఒక ఆయిల్ సీలు, మన మజూరి అన్నీ కలిపి ఆ రోజుల్లో ఐదు వేల లోపు. తెగాక అయితే ఇంజనుకు పైమూత లాంటి హెడ్డు దించాలి, వాల్వులు కొత్తవి వేయాలి, లేతు మీద పని చేయించాలి. అంతకు ఐదింతల ఖర్చు, ఎన్నాళ్లవుతుందో చెప్పలేని పని.

అయినా బెల్టు మార్చమంటే ఎవరూ మార్చరు. బ్రేకులు అరిగితే కీచుమంటాయి, క్లచ్చు పోతే బండి లాగదు. బెల్టు మాత్రం చివరి నిమిషం దాకా ఏమీ అనదు. "మంచిగనే ఉరుకుతుంది గదనే, ఎందుకు ఇప్పుడు?" అంటారు. అదే మనిషి సీటు కవర్లకూ, మూడు రాగాల హారనుకూ జేబులోంచి నోట్లు తీసి అక్కడే ఇస్తాడు. గిరాకీలను ఇలా ఎన్నో ఏళ్లు తిట్టుకున్నాను. వాళ్లలో ఒక్కరైనా నాకంటే తెలివైనవాళ్లు ఉంటారని అనుకోలేదు.

ఉస్తాద్ శిక్ష

నాకు పని నేర్పింది మహమూద్ భాయ్. ఊరంతా ఉస్తాద్ అనేవాళ్లం. సన్నగా ఉండేవాడు, గట్టిగా మాట్లాడేవాడు కాదు, కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడేవాడు. బెల్టు ఎక్కించాక ఆయనకో నియమం ఉండేది. తాళంచెవి ముట్టుకోకూడదు. ముందు క్రాంకు బోల్టుకు పాన పెట్టి, ఇంజనును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. తిప్పి, బెల్టు తిరిగే చక్రాల మీద కంపెనీ గీసిన గీతలు, అంటే మార్కులు, మళ్లీ కలిశాయో లేదో చూడాలి. అప్పుడే సెల్ఫు కొట్టాలి.

"అరే వీరా, సెల్ఫు గుడ్డిది రా. చెయ్యికి కండ్లుంటయ్. అడ్డం తగిల్తే చెయ్యి ఆగుతది, సెల్ఫు ఆగది" అనేవాడు.

ఒకరోజు నేను తొందరపడి చేత్తో తిప్పకుండా తాళం తిప్పేశాను. టకటకమని నాలుగు చప్పుళ్లు, నాలుగు వాల్వులు. అప్పటికి నేనేం చిన్నవాణ్ణి కాదు, పెళ్లయింది. ఉస్తాద్ తిట్టలేదు. వంగిన వాల్వులు నా చేతిలో పెట్టి, షెడ్డు ముందు స్టూలు వేసి కూర్చోమన్నాడు. సాయంత్రం దాకా అక్కడే కూర్చోవాలి. చేతిలో అవేమిటని అడిగిన ప్రతివాళ్లకూ తప్పు ఎలా చేశానో నా నోటితో నేనే చెప్పాలి. అదీ శిక్ష.

ఆ రోజే మా మామ బచ్చన్నపేట నుంచి పత్తి అమ్మడానికి జనగామ వచ్చి, అల్లుణ్ణి పలకరించి పోదామని షెడ్డుకు వచ్చాడు. "ఏంది అల్లుడా, చేతుల గవేంది?" అన్నాడు. చెప్పాను. పాపం, ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రం ఉస్తాద్ నా చేతిలోంచి వాల్వులు తీసుకుని, "గిరాకీకి తప్పు చెప్పినోడు బతుకుతడు వీరా" అన్నాడు. ఆ మాటను ముప్ఫై ఏళ్లు అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. నా వంతు వచ్చినప్పుడు మాత్రం పాటించలేదు.

వీరన్న రాత

సొంత షెడ్డు పెట్టాక నాకూ ఒక పద్ధతి ఏర్పడింది. బెల్టు మార్చిన ప్రతి బండికీ, ఆ రోజు మీటరు మీద ఉన్న కిలోమీటర్ల అంకెను బెల్టు కవరు మీద తెల్ల పెయింటుతో పెద్దగా రాసేవాణ్ణి. తర్వాత ఎప్పుడు బండి వచ్చినా మీటరులో అంకె చూడడం, అందులోంచి కవరు మీద అంకెను తీసివేయడం, అంతే. అరవై వేలు దాటితే మార్చాలి, దాటకపోతే పో. డ్రైవర్లు దాన్ని "వీరన్న రాత" అనేవాళ్లు. అది వినబడ్డప్పుడల్లా నా చెయ్యి మీసం మీదికి పోయేది. మీసం కూడా పెద్దదేమీ కాదు.

బచ్చన్నపేట పత్తి వ్యాపారి ఒకాయన తన డీజిల్ వ్యాను అమ్ముతానంటే బేరం నా షెడ్డులోనే జరిగింది. కొనడానికి వచ్చినవాళ్లు మహబూబాబాద్ దగ్గరి ఒక తండా వాళ్లు, లచ్చిరాం, అతని భార్య చాంది. పదకొండేళ్లు పూణె వెళ్లి బిల్డింగు పనులు చేశారు. ఏటా పంటలు కాగానే మూటలు కట్టుకుని పోవడం, వానలకు తిరిగి రావడం. ఇక పోవద్దని కూడబెట్టిందంతా ఈ వ్యాను మీద పెడుతున్నారు.

లచ్చిరాం టైర్లు తన్ని చూశాడు. చాంది బండిని చూడలేదు, నన్ను చూసింది.

"అన్నా, బండి నడిస్తే మా ఊర్లె మేముంటం. నడవకపోతే మళ్ల పూణెనే. నువ్వు చెప్పు, కొనాల్నా వద్దా?"

"కొను చెల్లె. బండి నా జిమ్మ" అన్నాను ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని.

ఆ రోజే కొత్త బెల్టు వేశాను. చాంది ఒక ఖాళీ ఆయిలు డబ్బా బోర్లించుకుని కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసింది. నేను పాన పెట్టి ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పుతుంటే "గదెందుకన్న?" అంది. ఉస్తాద్ మాట నాదే అన్నట్టుగా చెప్పాను. తల ఊపింది. తర్వాత కవరు బిగించకముందే దాని మీద అంకె రాశాను. పెయింటు కాస్త చెదిరి లోపల చక్రం మీద కూడా ఓ చుక్క పడింది. తుడవడానికి బద్ధకించాను. ఆ చుక్కను గుర్తుపెట్టుకోండి.

రోడ్ల మీద ఉన్న రోజులు

తర్వాత తెలంగాణ ఉద్యమం జోరందుకుంది. ఆ రోజులు చూడనివాళ్లకు చెప్తే నమ్మరు. బందులు, రాస్తారోకోలు, రోడ్డు మీదే వంటలు. ఏ పని చేసేవాళ్లు ఆ పని రోడ్డు మీద చేస్తూ నిరసన చెప్పేవాళ్లు. క్షౌరం చేసేవాళ్లు నడిరోడ్డు మీద గడ్డాలు గీశారు. మేం జనగామ మెకానిక్‌లం ఒక పాత ఇంజను తెచ్చి, చౌరస్తాలో విప్పి పరిచి, నినాదాల మధ్య మళ్లీ బిగించాం. అయిపోయాక రెండు బోల్టులు మిగిలాయి. జనం చప్పట్లు కొడుతున్నారని వాటిని జేబులో వేసుకున్నాను.

ఆ రోజుల్లోనే లచ్చిరాం వ్యాను సెల్ఫు మోటారు బలహీనపడింది. సామాను కోసం వరంగల్‌కు ఫోన్ చేస్తే దుకాణాలు సగం రోజులు మూతే. నేనొక సలహా ఇచ్చాను.

"సెల్ఫు ఊకె కొట్టకు. పొద్దుగాల ఒక్కసారి కొట్టు. ఇగ బండి యాడ నిలబడ్డా ఇంజను బంద్ జెయ్యకు. పొద్దుమీకి ఇంటికాడనే బంద్ జెయ్యి. జరంత డీజిల్ కాల్తది, గంతే."

వాళ్లు దాన్ని అక్షరాలా పాటించారు. మెకానిక్ మాట అంత శ్రద్ధగా విన్న గిరాకీ నాకు మరొకడు దొరకలేదు, దొరికింది ఈ ఒక్క తప్పుడు సలహాకే. బస్సులు ఆగిపోయిన కాలం అది. వ్యాను మహబూబాబాద్ నుంచి భూపాలపల్లి దాకా జనాన్ని తిప్పేది. సవారీల కోసం అడ్డాలో ఆగినా, రాస్తారోకోలో మూడేసి గంటలు ఇరుక్కున్నా ఇంజను మాత్రం తిరుగుతూనే ఉండేది.

కొన్ని నెలలకు ఆయిలు మార్చడానికి వచ్చారు. నేను మీటరు చూశాను, కవరు మీద రాత చూశాను, తీసివేత చేశాను. యాభై రెండు వేలు.

"బెల్టుకు ఇంకా ఎనిమిది వేలున్నది. పరేషాన్ గాకు" అన్నాను.

చాంది వెంటనే ఒప్పుకోలేదు. మీటరు వైపు చూసి, ఇంజను వైపు చూసి అడిగింది.

"అన్నా, బండి నిలబడ్డప్పుడు మీటరు తిరగది గదా. ఇంజను తిరుగుతనే ఉంటది. మరి గా తిరుగుడు ఏ లెక్కల రాస్తవ్?"

షెడ్డులో నలుగురు డ్రైవర్లు ఉన్నారు. నేను నవ్వాను. నవ్వి ఊరుకోకుండా వాళ్లందరూ వినేలా అన్నాను, "చెల్లె, నువ్వు టికెట్ల పైసలు సూస్కో. ఇంజను నేను సూస్కుంట."

డ్రైవర్లు నవ్వారు. లచ్చిరాం కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. నా వృత్తి మొత్తంలో ఒక గిరాకీ అడిగిన అతి తెలివైన ప్రశ్న అదే. రోజుకు ఆరేడు గంటలు నిలబడి తిరిగిన ఇంజను, మీటరు మీద ఒక్క కిలోమీటరు చూపించకుండానే ఆ బెల్టును తినేసింది. నేను చదువుకున్నది తీసివేత ఒక్కటే. ఆమె కూడికలు కూడా చేసింది.

టేకుమట్ల దగ్గర

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం లచ్చిరాం ఫోన్ చేశాడు.

"అన్నా, టేకుమట్ల కాడ బండి ఆగింది. టపటపమని చప్పుడైంది. సెల్ఫు కొడితే ఇంజను ఊరికెనే తిరుగుతుంది, అంటుకుంటలేదు."

ఊరికెనే తిరుగుతోందంటే ఏమిటో నాకు తెలుసు. గుండె జారి మోకాళ్ల దాకా వచ్చింది. అప్పుడు మోకాళ్లు బాగానే ఉండేవి.

పెట్టె సర్దుకుని మరునాడు పొద్దున్నే మోటారు సైకిల్ మీద బయల్దేరాను. ఇప్పుడైతే మూడు నాలుగు జిల్లాలు దాటాలి కానీ అప్పుడదంతా ఒకటే జిల్లా. దారిలో ఐదు చోట్ల ఆపారు. ఆపిన ప్రతిచోటా "జై తెలంగాణ" అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను. రెండు చోట్ల పప్పూ అన్నం పెట్టి కానీ వదల్లేదు. ఉద్యమంలో చాలామంది చిక్కిపోయారు, నేను బరువు పెరిగాను.

వ్యానును జనం తోసుకుంటూ తీసుకెళ్లి ఎల్లారెడ్డి పటేల్ రైసుమిల్లు రేకుల షెడ్డులో పెట్టారు. ఈయన ఆ ఊరి పెద్ద రైతు, అక్కడి ఉద్యమానికీ ఆయనే ముందుండేవాడు. మంచం వేయించాడు, అన్నం పంపించాడు. నేను కవరు విప్పాను. బెల్టు రెండు ముక్కలై ఉంది. పళ్లు సగం రాలిపోయాయి. హెడ్డు దించితే నాలుగు వాల్వులు వంగి ఉన్నాయి.

చాంది పక్కనే నిలబడి చూస్తోంది. "ఏమైందన్న?" అంది.

అప్పుడు చెప్పాల్సింది. "నువ్వు అడిగిందే నిజం చెల్లె. నా లెక్క తప్పు, నా సలహా తప్పు" అంటే పావు నిమిషం పని. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. జనగామ నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి అని పటేల్ అప్పటికే అందరికీ చెప్పాడు.

"బెల్టు ఖరాబుది చెల్లె. కంపెనీల మీద నమ్మకం లేకుంట అయిపోయింది" అన్నాను.

వంగిన వాల్వులను ఒక గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టాను. ఉస్తాద్ చనిపోయి అప్పటికి చాలా ఏళ్లయింది. అయినా ఆయన చూస్తున్నాడేమోనన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూశాను.

లచ్చిరాం, చాంది పక్కకు వెళ్లి వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. ఆ భాష నాకు రాదు. అందులో ఒక్క మాట మాత్రం మూడుసార్లు వినబడింది. పూణె. నేను తల ఎత్తకుండా బోల్టులు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఉన్నవి పన్నెండు, మూడుసార్లు లెక్కపెట్టాను.

రెండు చుట్లు

వాల్వుల కోసం వరంగల్ వెళ్లాను. సామాన్ల దుకాణం షట్టరు సగం దించి ఉంటే కింద నుంచి దూరి లోపలికి పోయాను. లేతు అతను "కరెంటు వచ్చినప్పుడు చేస్త" అన్నాడు. బొగ్గు తవ్వేవాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు, కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. హెడ్డును ఒళ్లో పెట్టుకుని లేతు ముందు ఒకటిన్నర రోజు కూర్చున్నాను. కరెంటు వచ్చిన గంట పని జరిగేది, పోయిన గంట ఇద్దరం రాష్ట్రం ఎప్పుడొస్తుందో మాట్లాడుకునేవాళ్లం. సామాన్ల ఖర్చు లచ్చిరామే పెట్టుకున్నాడు. నిజానికి అది నేను పెట్టాలి. పెడితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని పెట్టలేదు.

ఐదో రోజు పొద్దున బిగింపు మొదలుపెట్టాను. ఆ రోజు ఊళ్లో సభ ఉంది. బండి అంటుకుంటే దాని మీదే మైకు కట్టి ఊరేగింపు తీద్దామని పటేల్ ముచ్చటపడ్డాడు. షెడ్డు నిండా జనం. ప్రతివాళ్లూ సలహా ఇస్తున్నారు. "అయిందా మేస్త్రి?" "ఇంకెంతసేపు మేస్త్రి?" చూపు అద్దాలు నేను జనగామలోనే వదిలేశాను. మరిచిపోయి కాదు, పెట్టుకుంటే ముసలివాడిలా కనిపిస్తానని. గీతలు చూసి మార్కులు కలిపాను, బెల్టు ఎక్కించాను, టెన్షనరు బిగించాను, చేతులు తుడుచుకున్నాను. తాళంచెవి కోసం చెయ్యి చాపాను.

చాంది తాళంచెవి ఇవ్వలేదు.

"అన్నా, చేత్తోని తిప్పలే."

"ఏంది?"

"గప్పుడు జనగామల రెండు చుట్లు తిప్పినవ్. చెయ్యికి అడ్డం తగిల్తే ఆగుతది, సెల్ఫుకు తగిల్తే ఆగదన్నవ్. గిప్పుడు తిప్పలే."

జనం ముందు మళ్లీ అదే మనిషి, మళ్లీ అదే నిదానం. నాకు చెవులు వేడెక్కాయి. "నాకు తెల్వదానె? తాళం ఇయ్యి" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "ఒక్కసారి తిప్పు అన్న. నీ కాళ్లు మొక్కుత. ఇది పోతే ఇగ మేము ఆగమైతం."

ఆ మాటతో నా గొప్పంతా దిగిపోయింది. పాన తీసుకుని క్రాంకు బోల్టుకు పెట్టి మెల్లగా తిప్పాను. ఒక చుట్టు కాలేదు. ముప్పావు చుట్టు దగ్గర లోపల ఏదో గట్టిగా తగిలి చెయ్యి ఆగిపోయింది. వాల్వు, పిస్టను. కొత్త వాల్వులు. తాళం తిప్పి ఉంటే నాలుగూ పోయేవి.

వెనక్కి తిప్పి, కళ్లు చికిలించి మార్కుల దగ్గరికి ముఖం ఆనించి చూశాను. నేను మార్కు అనుకుని కలిపింది మార్కు కాదు. అంకె రాసిన రోజు చక్రం మీద పడిన తెల్ల పెయింటు చుక్క. అసలు మార్కు దానికి మూడు పళ్ల అవతల ఉంది. వీరన్న రాత నన్ను రెండోసారి కూడా ముంచబోయింది.

బెల్టు విప్పాను. సరిగ్గా కలిపాను. చేత్తో తిప్పాను, రెండు చుట్లు కాదు, ఆరు చుట్లు. ప్రతి చుట్టుకూ చాంది పెదవులు కదిలాయి, లెక్కపెడుతోంది. అప్పుడు తాళంచెవి నా చేతిలో పెట్టింది. ఇంజను తెల్లటి పొగ వదిలి, రెండుసార్లు దగ్గి, అంటుకుంది. రేకుల షెడ్డు నినాదాలతో అదిరింది.

తర్వాత జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది. లచ్చిరాం మజూరి ఎంత అని అడిగాడు. తీసుకోవడానికి నాకు చెయ్యి రాలేదు. నిజం చెప్పడానికి నోరూ రాలేదు. "మజూరి వద్దు తమ్మీ. తెలంగాణ వచ్చినంక ఇద్దువు తియ్" అన్నాను. పటేల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. సభలో నన్ను వేదిక మీదికి పిలిచి, "ఐదు రోజులు పైస తీసుకోకుంట పనిచేసిన ఉద్యమ బిడ్డ" అని శాలువా కప్పాడు. నేను మెడ వంచి కప్పించుకున్నాను. పెట్టె అడుగున గుడ్డలో నాలుగు వాల్వులు ఉన్నాయి. కింద జనంలో చాంది చప్పట్లు కొడుతోంది, మిగతావాళ్లకంటే కాస్త నెమ్మదిగా.

ఆ తర్వాత నా షెడ్డుకు వచ్చిన ప్రతి డ్రైవరునూ రెండు ప్రశ్నలు అడిగాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, రోజుకు ఎన్ని గంటలు నిలబడి తిరిగింది. నిలబడ్డ గంటకు ముప్ఫై కిలోమీటర్లు కలుపుకునేవాణ్ణి. అది నా కాకిలెక్క, ఏ పుస్తకంలోనూ ఉండకపోవచ్చు, కానీ మళ్లీ నా చేతి మీద బెల్టు తెగలేదు. "ఈ లెక్క ఎక్కడ నేర్చుకున్నవే?" అని అడిగితే, "అనుభవం" అని చెప్పేవాణ్ణి. చాంది పేరు చెప్పేవాణ్ణి కాదు.

షెడ్డు మూసిన రోజు

రాష్ట్రం వచ్చింది. జిల్లాలు వేరయ్యాయి. ఆ వ్యాను ఇంకో ఆరేళ్లు తిరిగింది. తర్వాత వాళ్లు ఇంకో బండి కొన్నారు. షెడ్డు మూసేస్తున్నానని తెలిసి చాంది ఒక సంచీ నిండా ఎండుమిర్చి పట్టుకుని జనగామ వచ్చింది. జుట్టు నెరిసింది కానీ చూపు అదే. నేను సామాన్లు సర్దుతున్నాను. పాత పెట్టె అడుగున గుడ్డ మూట తగిలింది.

ఇక దాచి ఏం చేసుకుంటాను? మూట విప్పి వాల్వులు ఆమె ముందు పెట్టాను. ఇంజను బంద్ చేయొద్దన్నది నేనే అని, ఆమె అడిగిన ప్రశ్నే సరైనదని, బెల్టు ఖరాబుదన్నది అబద్ధమని, ఆగి ఆగి చెప్పాను. నా వయసుకు అది తేలిక కాదు.

ఆమె మొత్తం విని, "నాకు గప్పుడే ఎరికే అన్న" అంది.

"ఎట్ల?"

"నువ్వు మజూరి వద్దన్నవ్ గదా. జనగామల నట్టు బిగిస్తె గూడ పైసలడుగుతవ్ నువ్వు."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు, ఒక వాల్వు చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తూ అంది.

"బెల్టే ఖరాబుదని నువ్వు చెప్పినప్పుడు మా ఆయన బండి అమ్ముదమన్నడు. కొత్త బెల్టు గూడ అట్లనే ఖరాబుదైతే? మళ్లెప్పుడు తెగుతదో ఎవలికి ఎరుక? పూణె పోదమన్నడు. ఇంటికాడ మా అత్తకు ఫోన్ జేసి మూట గూడ కట్టిపిచ్చిండు. నువ్వు పైసలు వద్దన్నంక నేను ఆయనకు చెప్పిన, తప్పు బెల్టుది గాదు, మన వీరన్నది. బెల్టు చెప్తే వినది, మనిషి అయితే దిద్దుకుంటడు అని. గా రోజు ఇంటికి పోయి మూట ఇప్పిన."

నా పరువు కాపాడుకోవడానికి ఆడిన ఒక్క అబద్ధం వాళ్లను మళ్లీ పూణె రైలు ఎక్కించబోయిందని అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లూ నేను దాచాననుకున్న తప్పే ఆమెకు ధైర్యమైంది. నేను నోరు తెరిచి చెప్పి ఉంటే ఆ మూట కట్టేవాళ్లే కాదు.

ఆమెను బస్సెక్కించి వచ్చాను. వచ్చి, షెడ్డు ముందు స్టూలు వేసుకుని, ఆ నాలుగు వాల్వులూ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం దాకా కూర్చున్నాను. ముగ్గురు ఆగి, చేతిలో అవేమిటని అడిగారు. ముగ్గురికీ మొదటి నుంచి చెప్పాను. అడగకుండా పోయినవాళ్ల కోసం ఇది రాశాను.